పాట వినే గదిలో సీసాల బీరువా ఎందుకు?

మా మేనల్లుడు బెంగుళూరులో ఇళ్లకూ హోటళ్లకూ లోపలి అలంకరణ చేస్తుంటాడు. ఏ గోడకు ఏ రంగు వెయ్యాలో, సోఫా ఏ మూలకు జరపాలో చెప్పి డబ్బు పుచ్చుకుంటాడన్న మాట. ఆ పని మనం కాపరానికొచ్చిన నాటినుంచీ ఊరికే చేస్తున్నాం గనుక అదో ఉద్యోగమని మనకెవరికీ తోచలేదు.

పోయిన నెల వాడు మా నంబులపూలకుంటకొచ్చాడు. ఒకప్పుడు తిమ్మమ్మ మర్రిమాను మా మండలంలోనే ఉందని చెబితే తప్ప మా ఊరెక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు సోలారు పలకల పుణ్యమా అని పేపర్లలో పేరొస్తోంది. 2016 నుంచి మా ఎండ కరెంటుగా మారి ఎక్కడెక్కడికో పోతోంది. ఆ కరెంటు పోయే చోట్లలో మా వాడి బారు కూడా ఒకటి కాబోతోందని అప్పటికి నాకు తెలీదు.

చంకలో పెద్ద కాగితపు చుట్ట పెట్టుకుని నేరుగా వంటింట్లోకొచ్చి, దాన్ని నా బియ్యం డ్రమ్ము మీద పరిచాడు.

"అత్తా, నువ్వు పాటల పిచ్చిదానివి కదా. ఇది చూసి ఎట్లుందో చెప్పు."

చూశాను. ముప్ఫయ్యడుగుల పొడుగు, పద్దెనిమిది అడుగుల వెడల్పు గది. లోపలికి పోవడానికి ఇరుకైన చీకటి నడవ. గోడలకంతా సన్నటి చెక్కపట్టీలు. మోకాలెత్తులో పసుపుపచ్చని దీపాలు. ఇరవై నాలుగు కుర్చీలు, అన్నీ లోతుగా, మెత్తగా. ఎదురుగా మనిషెత్తు స్పీకర్లు రెండు. ఆ రెంటి నడుమ ఇత్తడి రేకు తాపడం చేసిన పొడుగాటి బల్ల, దాని మీద గ్రామఫోను రికార్డు తిప్పే యంత్రం. బల్ల వెనక గాజు అలమర, నేల నుంచి కప్పుదాకా సీసాలు. సీసాల వెనక లైట్లు. మా పూజగదిలో దేవుడికి కూడా నేనంత లైటింగు పెట్టలేదు.

"ఏంరా ఇది?"

"లిజనింగ్ బార్ అత్తా. బెంగుళూరు, ముంబాయి అంతా ఇప్పుడిదే. మంచి స్పీకర్లలో మంచి పాట వింటూ మెల్లగా ఒక గ్లాసు... జపాను పద్ధతి."

నేను బారనగానే చెంపలేసుకునే రకాన్ని కాను సుమా. అందుకే ముందు ఆ పటంలో నాకు నచ్చినవి చెబుతాను. కుర్చీలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. టీవీ లేదు. దీపాలు కంటికి పని చెప్పడం మానేసి చెవికి వదిలిపెట్టాయి. 'గట్టిగా మాట్లాడకండి' అని గోడ మీద ఓ పలక కూడా గీశాడు. ఈ నాలుగూ మన హాళ్లలో ఒక్కటైనా ఉందేమో మీరే చూసుకోండి. హాలంటే మనకు టీవీ ఉండే చోటు. పాటంటే టీవీలో ప్రకటన రాకముందు కాసేపు మోగేది.

ఇంకో సంగతి కూడా వాడే నేర్పాడు. మా కొత్త హాల్లో నిలబెట్టి "చప్పట్లు కొట్టు అత్తా" అన్నాడు. కొట్టాను. నేనొకటి కొడితే గది నాలుగు కొట్టినట్టయింది. తళతళలాడే టైల్సు నేల, నున్నటి సిమెంటు గోడలు, గాజు కిటికీలు. చప్పుడు వాటికి తగిలి బంతిలా ఎగిరి మళ్లీ మన చెవిలోకే వస్తుందట. ఒక మాట పూర్తిగా చచ్చేలోపు ఇంకో మాట వచ్చి దాని మీద పడుతుంది. మా ఆయన టీవీ శబ్దం ఎందుకంత పెంచుతాడో ఆవేళ తెలిసింది. పాపం, ఆయన చెవుడు కొంతే, మిగిలింది టైల్సుది.

తర్వాత వెనక ఉన్న పాత మిద్దెలోకి తీసుకెళ్లి మళ్లీ కొట్టమన్నాడు. రాళ్లూ మట్టీ కలిపి కట్టిన మోచేతి మందం గోడలు, వాటి నిండా గూళ్లు, పైన దూలాలు, దూలాల మీద కట్టెలు, ఆపైన చౌడు మట్టి. ఓ మూల శెనక్కాయల మూటలు, దండెం మీద బొంతలు. నా చప్పట్లు టప్పుమని మోగి అక్కడే ఆగిపోయాయి. "అత్తా, లక్షలు పోసి మేము చేసేది ఇదే!" అన్నాడు వాడు నోరు తెరిచి. వాడి చెక్కపట్టీల వెనక దూదిలాంటిది కూరుతారట. మా మామగారు శెనక్కాయల మూటలు పెట్టారు. పల్చటి తెరలు కీచుగొంతును మాత్రమే పట్టుకుంటాయనీ, మృదంగం ఎడమవైపు మోగే లోతు శబ్దాన్ని పట్టాలంటే ఇట్లా మందంగా, లోపల గాలి ఆడేట్టు ఉండాలనీ చెప్పాడు.

ఈ విద్యకు మొదట లెక్కకట్టినాయన అమెరికాలో హార్వర్డులో సేబిన్ అనే పంతులు. 1895లో అక్కడ ఓ కొత్త పాఠాల హాలు కట్టారు. తీరా చూస్తే అందులో పలికిన మాట అయిదున్నర సెకండ్లు గిరగిరా తిరుగుతోంది, పిల్లలకు ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. ఈయన ఏం చేశాడంటే, రాత్రిళ్లు పక్కనున్న నాటకశాలలోంచి కుర్చీల మీది మెత్తలు మోసుకొచ్చి హాల్లో పరచడం, ఊదుగొట్టం మోగించి శబ్దం ఎప్పుడు చస్తుందో గడియారం పెట్టి చూడటం, తెల్లారేలోపు మెత్తలన్నీ తిరిగి సర్దేయడం. పరుపులెండేసి మళ్లీ సర్దే మనకు ఆయన మీద సానుభూతి కలక్క మానదు. ఒక మనిషి సుమారు ఆరు మెత్తలంత శబ్దాన్ని మింగుతాడని కూడా తేల్చాడు. తర్వాత 1900లో తెరిచిన బోస్టన్ సంగీతశాలకు సలహా ఇచ్చింది ఆయనే.

కాబట్టి గది కావాలి, మెత్తదనం కావాలి, నిశ్శబ్దం కావాలి. అంతవరకూ నేను మా వాడి పక్షమే. నాకు అర్థం కానిదల్లా ఆ సీసాల బీరువా.

ముందు వాడి శాస్త్రంతోనే వాణ్ణి పట్టుకున్నాను. "నాయనా, గోడలకు దూది కూరుతున్నావు గదా, మరి స్పీకర్ల మధ్య కప్పుదాకా గాజు ఎందుకు నిలబెట్టావు? లోతు శబ్దం వచ్చినప్పుడల్లా ఆ సీసాలు ఒకదానికొకటి తగిలి గణగణమనవా? నా షోకేసులో గాజుగ్లాసులు ఊరేగింపు డప్పుకే మోగుతాయి. ఐసుపెట్టె మోటారు రొద ఎక్కడ దాస్తావు? ఐసుముక్కలు గిలకొట్టే చప్పుడో? రికార్డు మీద నడిచే సూది వెంట్రుకంత గీతలో పోతుందంటివి. ఆ యంత్రాన్నే తీసుకొచ్చి బల్ల మీద పెట్టావు. ఎవడో తాగి గ్లాసు ఠకీమని పెడితే ఆ దెబ్బ సూదికి తగలదా? తాగినవాడు గోడ మీద 'గట్టిగా మాట్లాడకండి' చదివి మెల్లగా మాట్లాడతాడని నీకెవరు చెప్పారు?"

యంత్రాన్ని బల్ల మీంచి తీసి గోడకు బిగిస్తానన్నాడు. మిగిలిన వాటికి జవాబు లేదు.

ఇక జపాను సంగతి. వాడు ఫోనులో బొమ్మలు చూపిస్తూ గొప్పగా చెప్పాడు గానీ, చెప్పిందంతా నా వైపే తిరిగింది. టోక్యోలో షిబుయా అనే పేటలో 'లయన్' అని ఒకటుందట, 1926లో పెట్టింది. యుద్ధంలో 1945లో బాంబులకు కాలిపోతే 1950లో మళ్లీ కట్టుకున్నారు. కుర్చీలన్నీ గుళ్లో గర్భగుడి వైపు తిరిగినట్టు పెద్ద చెక్క స్పీకర్ల వైపు తిరిగి ఉంటాయి. మాట్లాడకూడదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినిపిస్తారు. యొకొహామాలో 'చిగుసా' అని ఇంకోటి, 1933లో పెట్టింది, అది జాజ్ సంగీతానికి. ఇటువంటివాటిని అక్కడ 'కిస్సా' అంటారు. కిస్సా అంటే ఏమిట్రా అన్నాను. "కాఫీ కొట్టు అత్తా" అన్నాడు, గొంతు కొంచెం తగ్గించి.

కాఫీ కొట్టు! విదేశాల నుంచొచ్చే రికార్డులు మామూలు మనిషి కొనలేని కాలం. ఇళ్లు చూస్తే అగ్గిపెట్టెలు, గోడలు పల్చన. అందుకని ఒకాయన రికార్డులు కొని పెట్టుకుంటే, కప్పు కాఫీ ఖరీదుకు ఊళ్లోవాళ్లు గంటలకొద్దీ కూచుని వినేవాళ్లు. లేనివాళ్ల కోసం పుట్టిన ఏర్పాటది. తొషికో అకియొషి అనే అమ్మాయి ఆ చిగుసాలోనే కూచుని, రికార్డు విని విని స్వరాలు రాసుకుని పియానో విద్య పెంచుకుంది. 1956లో అమెరికా వెళ్లి బోస్టన్‌లో బర్క్‌లీ సంగీత పాఠశాలలో చేరింది. తర్వాత సొంత బృందం పెట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఒక ఆడపిల్ల కాఫీ కప్పు ముందర పెట్టుకుని ఒంటరిగా కూచుంటే ఎవరూ వింతగా చూడని కుర్చీ ఒకటి ఆ ఊళ్లో దొరికింది.

మా వాడు జపానునుంచి చెక్కపట్టీలు తెచ్చాడు, దీపాలు తెచ్చాడు, స్పీకర్లు తెచ్చాడు. కాఫీ కప్పును మాత్రం అక్కడే మరిచిపోయి వచ్చాడు.

"జపానులో కూడా బార్లున్నాయత్తా, అన్నీ కాఫీవే కాదు" అన్నాడు. ఉంటే ఉండనీ. నేను మాట్లాడేది మన సంగతి. బారనే మాటకు మన చెవిలో ఒక అర్థముంది. ఆ మాట వినగానే మీకు సంగీతం గుర్తొస్తుందా? నాకు మట్టుకు జీతం రోజు రాత్రి వాకిట్లో లాంతరు పట్టుకుని నిలబడిన పక్కింటావిడ గుర్తొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడం మొదలుపెట్టిన ఆడవాళ్లు ఊళ్లో సారా అంగడి ఎత్తెయ్యమని కొంగు బిగిస్తే, ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు నుంచి సారా పోయింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. 1997లో మళ్లీ వచ్చిందనుకోండి. ఆ ఆడవాళ్లు ఇత్తడి బల్లకూ చెక్కబల్లకూ తేడా చూసి ఆ పని చెయ్యలేదు. పదిమంది పెద్దవాళ్లు ఇష్టపడి మితంగా తాగితే తప్పా అని మీలో ఎవరైనా అడగొచ్చు. తాగనీండమ్మా, వాళ్ల డబ్బు, వాళ్ల కడుపు. నా తగాదా తాగేవాడితో కాదు. పాటకు బెంగుళూరంతటా ఒక్క మంచి గది కట్టబోతూ, ఆ గది తలుపు మీద మనలో సగంమంది దాటలేని పేరు రాశాడే, వాడితో.

పేరొక్కటే అయితే మొహమాటం చంపుకుని దాటేద్దుం. పటం మూలన చిన్నక్షరాలతో వేళలు రాసి ఉన్నాయి. సాయంత్రం అయిదు నుంచి రాత్రి పన్నెండున్నర. వేళలు కూడా అలంకరణలో భాగమేనని మా వాడికి ఏ కాలేజీలోనూ చెప్పినట్టు లేదు. సాయంత్రం అయిదుకు మనం ఎక్కడుంటాం? పాలు కాగుతుంటాయి, పిల్లలో మనవళ్లో బడినుంచొస్తుంటారు, రాత్రికి రాగిముద్దా చపాతీనా అని తేలదు. మనకు చెవులు ఖాళీ అయ్యేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఆ సంగతి రేడియో వాళ్లకు తెలుసు. ఆడవాళ్ల కార్యక్రమాలు వాళ్లు మధ్యాహ్నమే పెట్టేవాళ్లు. ఆ రెండు గంటలూ మా వాడి గది షట్టరు దించుకుని, దూది గోడలతో, మంచి స్పీకర్లతో, ఇరవై నాలుగు మెత్తటి కుర్చీలతో చీకట్లో నిద్రపోతూ ఉంటుందన్న మాట.

అసలు నేను ఇంత వాదించడానికి కారణం చెబుతాను, నవ్వకండి.

నేను జీవితంలో పాట ఎప్పుడూ కూచుని వినలేదు.

పెనుకొండ దగ్గర మా పుట్టింటి ఊళ్లో పంచాయతీ రేడియో ఉండేది. రచ్చకట్ట మీద మగవాళ్లు కూచుని వినేవాళ్లు. మేము బిందె చంకనెత్తుకుని, అవసరం లేకున్నా కాసేపు బావి దగ్గర ఆగి వినేవాళ్లం. 1978లో ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మామగారి రేడియో ముందరి గదిలో గూట్లో ఉండేది, దానికెదురుగా ఆయన పడక్కుర్చీ. పొద్దున విజయవాడ నుంచి భక్తిరంజని, మిగతా వేళల్లో కడప కేంద్రం. నా వినికిడంతా వంటింటి తలుపు వెనక, పోపు చిటపటల మధ్యన. పల్లవి వినపడితే చరణం మాడిపోయేది, చరణం వినపడితే పోపు మాడిపోయేది. తర్వాత టేప్‌రికార్డరొచ్చింది, అది పిల్లలది. టీవీ వచ్చింది, అది అందరిదీ, అంటే నాది కాదు. ఇప్పుడు ఫోనులో కావలసినన్ని పాటలు. కాకపోతే ఫోను గిన్నెల స్టాండు మీద ఉంటుంది, నేను సింకు ముందుంటాను. యాభై ఏళ్లలో యంత్రాలు ఎన్ని మారినా నేను నిలబడే చోటు మారలేదు. మీ సంగతేమిటో మీరు గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

మద్రాసులో 1930లో కార్పొరేషను వాళ్లు రేడియో ప్రసారాలు మొదలుపెట్టి, సముద్రతీరంలో, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టి అందరికీ వినిపించారు. అక్కడికెళ్లినవాళ్లు కనీసం ఇసకలోనైనా కూచుని ఉంటారు. టిక్కెట్టు లేదు, గ్లాసు లేదు. మన ఇళ్లలో ఆ ఇసకపాటి చోటు కూడా లేకపోయె.

మా వాడు కాసేపు తల గోక్కుని, "పాట కోసమే గది కట్టుకోవడం మన దగ్గర అలవాటు లేదులే అత్తా, ఇదంతా కొత్త" అన్నాడు. ఒళ్లు మండింది. "హిందూపురం పక్కనే లేపాక్షి ఉంది, ఎప్పుడైనా కళ్లు తెరిచి చూశావా?" అన్నాను. పదహారో శతాబ్దంలో కట్టిన నాట్యమండపం. స్తంభాల మీద రంభ ఆడుతుంటే తుంబురుడు వాయిస్తున్నాడు, బ్రహ్మ మద్దెల పట్టాడు. కచేరీ మొత్తాన్ని రాతిలో చెక్కి నిలబెట్టి, మధ్యన ఖాళీ వదిలారు. వాడు అక్కడ ఫొటో దిగాడట, ఆ వేళ్లాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి. అంతే చూశాడు.

చివరికి అసలు మాట బయటపెట్టాడు. "కాఫీ అమ్మి బెంగుళూరులో అద్దె కట్టలేరత్తా. డబ్బంతా ఆ సీసాల్లోనే వచ్చేది. సీసాలు తీసేస్తే ఆ స్పీకర్లు కొనేవాడే ఉండడు."

ఇది నిజమేనేమో. అద్దెల లెక్క నాకు తెలీదు. కాని సినిమాహాలు వాడు కుర్చీనే అమ్ముకుని ఇన్నేళ్లు బతికాడు కదా! గంటకింతని కుర్చీకి టిక్కెట్టు పెట్టమన్నాను. సాయంత్రం సీసాలు తప్పవంటే వాటిని పక్క గదికి నెట్టి మధ్య తలుపు పెట్టమన్నాను. పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా అదే గదిలో కాఫీ ఇచ్చి, బాలమురళినో ఘంటసాలనో లీలనో అడిగినవాళ్లకు అడిగింది వెయ్యమన్నాను. అప్పుడు తలుపు మీద రెండు పేర్లు రాసుకోవచ్చు, పగటి పేరొకటి, రాత్రి పేరొకటి. బెంగుళూరులో మన తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలు ఆఫీసుకు పోయాక మధ్యాహ్నాలు గోడలు చూస్తూ కూచున్న అమ్మలూ అత్తలూ ఎంతమంది లేరు? ఆ అపార్టుమెంటు గోడలు కూడా చప్పట్లు కొడితే నాలుగు కొట్టేవే.

"మీ మిద్దెలో పెట్టుకో అత్తా అట్లాంటిది, ఖర్చు లేకుండా అయిపోతుంది" అన్నాడు ఎగతాళిగా.

ఎగతాళిగా అన్నాడు గాని, వాడు భోంచేసి నిద్రపోయాక నేను మిద్దెలోకెళ్లి చూశాను. శెనక్కాయల మూటలు వెనకగోడకు జరిపితే నాలుగు కుర్చీలు పడతాయి. వాడు చెప్పిన లెక్కే: స్పీకర్లు రెండూ గోడకు ఆనకుండా ఒకటిన్నర గజం ఇవతల, చెవి ఎత్తులో, వాటి మధ్య ఎంత దూరమో, కూచునే మనిషికీ వాటికీ అంత దూరం. కొలతబద్ద దొరక్క కొంగుతో కొలిచాను. సరిపోయింది. పక్కింటావిడను, టీచరమ్మను, మా తోటికోడలిని పిలవొచ్చు. సేబిన్ గారి లెక్కన మా తోటికోడలు ఒక్కతే పన్నెండు మెత్తల పెట్టు.

పొద్దున బస్సెక్కేటప్పుడు వాడు పటం మరిచిపోయి పోయాడు. అదింకా నా బియ్యం డ్రమ్ము మీదే ఉంది. సీసాల బీరువా ఉన్నచోట నేను మనవడి పెన్సిలుతో అడ్డంగా ఓ గీత కొట్టి, పక్కన ఓ పడక్కుర్చీ వేశాను. బొమ్మ సరిగా కుదరలేదు, కుర్చీ మేకలా వచ్చింది. ఆదివారం పటం కోసం వస్తానని ఫోను చేశాడు. వచ్చేటప్పుడు పాతవైనా సరే, చిన్న స్పీకర్లు రెండు పట్టుకు రమ్మన్నాను.